రెండుసార్లు నొక్కితే

ఆరుగురు శిల్పుల్ని ఒకే హాల్లో పెడితే మొదటి తగువు వెలుతురు దగ్గరే వస్తుంది. ఎవరి బొమ్మకి ఎన్ని దీపాలు, ఎవరి నీడ వెళ్లి ఎవరి మీద పడుతోంది, ఎవరికి మంచి గోడ దొరికింది... రెండు రోజులు ఇదే గోల. నేను ఒక మూల స్టూలు వేసుకుని చూస్తూ కూచున్నాను. నేను శిల్పిని కాను, అచ్చులు తీసేదాన్ని. పేరు వాళ్లకి వస్తుంది, గోళ్లలో ప్లాస్టర్ నాకు మిగులుతుంది. కాబట్టి వాళ్ల తగువులు చూసి నవ్వుకునే హక్కు నాకుంది.

ఆ హాలు ఒకప్పుడు బట్టల గోడౌను. కిటికీలు లేవు. ఒక చివర ఇనుప షట్టరు, ఇంకో చివర గోధుమ రంగు గోడ, మధ్యలో సిమెంటు నేల. షట్టరు దగ్గర తుప్పు మాస్టారి చేప. సైకిల్ చైన్లతో అల్లిన నిలువెత్తు చేప అది. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఇనుము తప్ప ఇంకేదీ ముట్టుకోరు. ఆ పక్కన ఉప్పు దిమ్మలతో కట్టిన మెట్లు. చెమట చేతులతో దగ్గరికి రావద్దని దాని యజమాని పొద్దుటి నుంచీ అందర్నీ కసురుతున్నాడు. తర్వాత మైనంతో చేసిన చెవుల వరస, పాత చొక్కాల చేతులు కుట్టి కుట్టి చేసిన నలభై అడుగుల ఒకే చెయ్యి. హాలు చివర, నల్ల తెర వెనక, పగిలిన గాజు ముక్కల వల.

ఆ గాజు వల చేసినామెదే అసలు పేచీ. ఆమె బొమ్మ లోపల సన్నటి దీపం ఒకటి ఉంది. అది కనబడాలంటే హాలంతా చీకటిగా ఉండాలి. మిగతా అయిదుగురూ ఒప్పుకోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. రోజూ సాయంత్రం అయిదింటికి పది నిమిషాలు దీపాలన్నీ ఆర్పెయ్యాలి. షట్టరు దించాలి. ఆ పది నిమిషాలూ ఎవరూ నోరెత్తకూడదు.

"పది నిమిషాలు మా తుప్పు కనబడకపోతే కొంపలేం మునగవులే" అన్నారు తుప్పు మాస్టారు.

ఆరో శిల్పం మా అక్కది.

చూడ్డానికి అది ఉత్త సిమెంటు దిమ్మ. చేప వెనకే పెట్టారు, ఛాతీ ఎత్తు ఉంటుంది. నాలుగు వైపులా నున్నగా, బూడిద రంగులో, ఇంటి ముందు అరుగు కట్టడానికి తెచ్చి మర్చిపోయినట్టుగా ఉంటుంది. ముందు వైపు, మోకాలికి కాస్త పైన, గుండ్రటి కన్నం ఒకటి. చెయ్యి పట్టేంత. అంతే. లోపల కూచున్న మనిషి ఆకారంలో ఖాళీ ఉందని చెబితే తప్ప తెలియదు. వచ్చినవాళ్లు వంగి ఆ కన్నంలో చెయ్యి పెట్టాలి. వేళ్లకి ఒక ముంజేతి లోపలి గోడలు తగులుతాయి.

ఆ ఖాళీ అక్కదే. దాని అచ్చు తీసింది నేనే.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాన్న బట్టల షాపులకి బొమ్మలు చేసేవాడు. మనిషి మీద నేరుగా ప్లాస్టర్ పట్టీలు వేసి అచ్చు తీసేవాడు. పట్టీలు ముఖం మీదికి వచ్చాక ఆ మనిషికి చూపు ఉండదు, మాట ఉండదు. చెవుల్లో దూది. ముక్కులో రెండు స్ట్రాలు. ఆ మనిషికీ బయటి లోకానికీ మధ్య మిగిలేది కుడి చెయ్యి ఒక్కటే. దాన్ని కప్పకూడదు. పని చేసేవాడు తన ఎడమ చేత్తో దాన్ని పట్టుకునే ఉండాలి. ఒకసారి నొక్కితే బాగున్నానని. రెండుసార్లు నొక్కితే... వెంటనే తీసెయ్యమని. ఎంత పని పాడైనా సరే, అడక్కుండా, ఆలోచించకుండా తీసెయ్యాలి. నాన్న ఈ ఒక్క విషయంలోనే మమ్మల్ని కొట్టాడు. ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అక్క శిల్పాలు చేస్తుంది, తిడుతుంది. నేను అచ్చులు తీస్తాను, తిట్లు తింటాను. నాకు అదే ఇల్లు.

మూడు వారాల కిందట, మధ్యాహ్నం, మా పని గదిలో అక్క స్టూలు మీద కూచుంది. వెనక సగం అయిపోయింది. ముందు సగం మెడ దాకా వచ్చింది.

"మొద్దూ, ముక్కు దగ్గర జాగ్రత్త. కిందటిసారి ఆ గుమాస్తా మీసం సగం పీకేశావు" అంది.

నన్ను ఎప్పుడూ మొద్దూ అనే పిలుస్తుంది. పుట్టినప్పుడు నేను తొందరగా ఏడవలేదట.

"నీకు మీసాలున్నాయా?"

"పని చెయ్యి, మాటలాపు."

అవే తన మాటల్లో ఆఖరివి. దూది పెట్టాను. స్ట్రాలు పెట్టాను. ముఖం కప్పేశాను.

తప్పు నాది. తొందరగా అవుతుందని గోరువెచ్చటి నీళ్లతో కలిపాను. బకెట్టులో ప్లాస్టర్ నా చేతిలోకి రాకముందే గడ్డకట్టేసింది. కడుపు దగ్గర ఇంకా బెత్తెడు మేర రెండో పొర వెయ్యాలి. అక్క చెయ్యి ఆమె మోకాలి మీద పెట్టి, వినబడదని తెలిసీ "ఒక్క నిమిషం" అని, నీళ్ల కోసం పెరట్లోకి వెళ్లాను. కుళాయి సన్నగా వస్తోంది. బకెట్టు అడుగు తడవడానికే యుగం పట్టింది. అయిదు నిమిషాలు... అంతకంటే ఎక్కువేనేమో.

తిరిగి వచ్చేసరికి అక్క చెయ్యి మోకాలి మీద లేదు.

గాలిలో ఉంది. ముందుకి చాచి ఉంది. వేళ్లు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. రెండుసార్లు. కాస్త ఆగి, మళ్లీ రెండుసార్లు. అక్కడ లేని నా చేతిని నొక్కుతోంది.

బకెట్టు వదిలేసి పరుగెత్తాను. నా వేళ్లు తగలగానే ఆ చెయ్యి ఆగిపోయింది. చల్లగా, బరువుగా అయిపోయింది. నేను పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి... ఒక్కసారి నొక్కింది.

ఒకసారి అంటే బాగున్నానని.

తీసెయ్యాల్సింది. రెండుసార్లు నొక్కడం నా కళ్లతో చూశాను. కానీ తీసేస్తే అచ్చు పోతుంది, ప్రదర్శనకి మూడు వారాలే ఉంది, పోనీ ఇప్పుడు బాగానే ఉన్నానంటోంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకో ఇరవై నిమిషాలు ఆ చెయ్యి పట్టుకుని మిగతా పని పూర్తిచేశాను. విప్పితే పెంకు ఎక్కడా చిట్లకుండా వచ్చింది. నా జీవితంలో అంత మంచి అచ్చు తియ్యలేదు.

అక్క కళ్లు తెరిచి నావైపు చూసింది. చెయ్యి ఎందుకు వదిలావని అడుగుతుందని, చెంప పగలగొడుతుందని ఎదురుచూశాను.

"అయిపోయిందా, చెల్లీ?" అంది.

పెంకు రెండు సగాలూ కలిపి, చుట్టూ చెక్కలు కట్టి, సిమెంటు పోశాం. మణికట్టు తెరిచి ఉన్నచోట కన్నం మిగిలింది. ఆ మూడు వారాలూ అక్క నన్ను ఒక్క మాట అనలేదు. టీలో పంచదార ఎక్కువైనా తాగింది. స్నానం చేస్తూ పాడే పాట మానేసింది. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు హాయిగానే ఉంది. తర్వాత భయం మొదలైంది. తిట్టని అక్క ఉన్న ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు.

ప్రదర్శన మొదలైన రోజు సాయంత్రం నాలుగున్నరకి జనం బాగానే వచ్చారు. అక్క జుట్టు ముడి వేసుకుని, నా దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగింది.

"గొలుసు కొక్కెం పెట్టవా, చెల్లీ."

అక్కకి మెడ వెనక పుట్టుమచ్చ ఉంది. మిరియపు గింజంత, ఉబ్బెత్తుగా. చిన్నప్పుడు దాన్ని గిల్లి పరుగెత్తేదాన్ని. కొక్కెం పెడుతూ అలవాటుకొద్దీ బొటనవేలితో తడిమాను.

ఉబ్బు తగల్లేదు. వేలు లోపలికి దిగింది.

అక్కడ గుంట ఉంది. మిరియపు గింజంత, గుండ్రంగా, నున్నగా. అచ్చులు తీసేవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అచ్చులో అన్నీ తిరగబడతాయి. మనిషి మీద లేచి ఉన్నది అచ్చులో గుంట అవుతుంది.

"పెట్టేశావా?" అంది, ఇటు తిరక్కుండానే.

"ఆఁ" అన్నాను.

ఆమె నవ్వుతూ జనంలోకి వెళ్లిపోయింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిచ్చి ఊహ అని ఎంత సర్దిచెప్పుకున్నా బొటనవేలు ఊరుకోదు. దానికి ఆ గుంట ఇంకా తగులుతూనే ఉంది.

అయిదయింది. హాలు మేనేజరు చప్పట్లు కొట్టి ఒప్పందం సంగతి చెప్పాడు. షట్టరు కరకరమంటూ కిందికి దిగింది. దీపాలు ఒక్కో వరసా ఆరిపోయాయి.

చీకటి.

దూరంగా తెర వెనక నుంచి పచ్చటి సన్న వెలుగు. అది ఎవరి ముఖాన్నీ చూపించదు. జనం అంతా అటువైపు కదిలారు. చెప్పుల చప్పుడు, ఎవరిదో దగ్గు, తర్వాత అదీ లేదు. చీకట్లో వాసనలు పైకి వస్తాయి. ముందు ఇనుము వాసన, ఆ తర్వాత మైనం. ఆ రెండింటి కింద ఇంకోటి... తడి ప్లాస్టర్. అప్పుడే కలిపిన ప్లాస్టర్ వాసన. మూడు వారాల కిందట ఎండిపోయిన దిమ్మలోంచి అది రాకూడదు.

తడుముకుంటూ దిమ్మ దగ్గరికి వెళ్లాను. మోకాళ్ల మీద కూచున్నాను. కన్నం అంచు వేళ్లకి దొరికింది. అక్క చేతిని ఎప్పుడూ పట్టుకునే నా ఎడమ చెయ్యే లోపలికి పెట్టాను.

చల్లగా ఉండాలి. లేదు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు ఒక వేడి పుడుతుంది, జ్వరం వచ్చిన ఒంటిలా. ఆ వేడి ఉంది. గోడలు చెమ్మగా ఉన్నాయి. ఇంకాస్త లోపలికి... మోచెయ్యి దాకా...

వేళ్లు తగిలాయి.

వెనక్కి లాక్కోబోయాను. అప్పటికే అవి నా వేళ్ల చుట్టూ మూసుకున్నాయి. గట్టిగా కాదు. నీరసంగా. ఉంగరం వేలి పక్కన ఉలి కోసిన మచ్చ, అరిగిన గోళ్లు... నాకు తెలియని చెయ్యి కాదది.

రెండుసార్లు నొక్కింది.

"అక్కా..." కన్నం దగ్గర నోరు పెట్టి గుసగుసగా అన్నాను. "అక్కా, నువ్వేనా?"

రెండుసార్లు.

"ఊపిరి ఆడుతోందా?"

రెండుసార్లు... మళ్లీ రెండుసార్లు... మూడు వారాల నుంచీ నొక్కుతూనే ఉందేమో. ఎవరూ పట్టుకోలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తీస్తా అన్నాను. ఇప్పుడే తీస్తా, చెయ్యి వదలను, ఈసారి వదలను, ఒట్టు.

కానీ ఎలా తియ్యాలి? పట్టీలైతే కత్తిరిస్తాను. ఇది అడుగు మందం సిమెంటు. ఇంకో సంగతి కూడా నా పనే నాకు నేర్పింది, అది ఆ క్షణంలోనే గుర్తు రావాలా... ఖాళీకి గోడలే ఒళ్లు. గోడలు పగిలితే లోపలున్న ఆకారం బయటికి రాదు. ఉండదు, అంతే.

అయినా కుడి చేత్తో నేలంతా వెతికాను. చేప బిగించిన సుత్తి పక్కనే దొరికింది. కొట్టాను. చప్పుడుకి హాలంతా ఉలిక్కిపడింది. మళ్లీ కొట్టాను. చిన్న పెచ్చు కూడా లేవలేదు. లోపలి వేళ్లు నా వేళ్లని పట్టుకుని వేలాడుతున్నాయి.

"ఎవరది? దీపాలు వెయ్యండి!"

వెలుగు కళ్లలో పొడుచుకుంది. చుట్టూ కాళ్లు. మేనేజరు, గాజు వల ఆమె, మైనపు చెవుల ముందు నోరు తెరుచుకుని నిలబడ్డ జనం. తుప్పు మాస్టారు నా పక్కన కూలబడ్డారు.

"అమ్మాయ్, ఏంటిది? సుత్తి ఇలా ఇవ్వు."

"లోపల అక్క ఉంది మాస్టారూ. తియ్యమంటోంది."

ఆయన తలెత్తి చూశారు. నేనూ చూశాను. అక్క జనాన్ని తప్పించుకుంటూ వస్తోంది. మెడలో గొలుసు. ముఖంలో కోపం లేదు, కంగారు లేదు. వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూచుంది. నా కుడి చేతిలోంచి సుత్తి తీసి పక్కన పెట్టి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

మెత్తగా, ఒక్కసారి నొక్కింది.

లోపలి చెయ్యి రెండుసార్లు నొక్కింది.

ఒక చేతికి బాగున్నానని. ఇంకో చేతికి తీసెయ్యమని. మధ్యలో నేను.

"చెయ్యి వదులు, చెల్లీ" అంది అక్క, నాకు మాత్రమే వినబడేలా. "అందరూ చూస్తున్నారు."

"నువ్వెవరు?" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే నన్ను చంపేసింది. తిట్టి ఉంటే, బెదిరించి ఉంటే నిలబడేదాన్ని. ఆమె నా చేతిని ఇంకోసారి నొక్కింది. ఒక్కసారే. ఆ తర్వాత తుప్పు మాస్టారు నా భుజం పట్టుకుని, "నిద్రలేక ఇలా అయింది పాపం, మీరు వెళ్లండమ్మా" అని జనాన్ని పంపుతున్నారు. లోపల నొక్కు నెమ్మదించింది. రెండు... చాలాసేపటికి ఇంకో రెండు...

ఎవరూ నన్ను లాగలేదు. అది ఒప్పుకోవాలి. అంతమంది ఎదుట, నా పక్కనే ఉన్న అక్కే లోపల కూడా ఉందని అరవలేక, నేనే వేళ్లు విప్పాను. నా చెయ్యి బయటికి జారుతుంటే ఆ వేళ్ల కొసలు నా అరచేతి మీదుగా, వేళ్ల మీదుగా, గోళ్ల దాకా తడుముకుంటూ వచ్చి ఆగిపోయాయి.

తర్వాత తుప్పు మాస్టారు చొక్కా చెయ్యి పైకి మడిచి కన్నంలో భుజం దాకా చెయ్యి పెట్టి చూశారు.

"ఏమీ లేదమ్మాయ్. చల్లగా ఉంది" అన్నారు.

మర్నాడు పొద్దున్న హాలు తెరవకముందే మమ్మల్ని పిలిచారు. చూడ్డానికి వచ్చినవాళ్ల చెయ్యి ఇరుక్కుంటే మాట వస్తుంది, కన్నం మూసెయ్యమన్నాడు మేనేజరు. అక్క బతిమాలుతుందేమో అనుకున్నాను. ఆ కన్నం లేకపోతే ఆ శిల్పానికి అర్థమే లేదు. అక్క తల ఊపింది.

"నువ్వే కలుపు, చెల్లీ. నీ పని శుభ్రంగా ఉంటుంది" అంది.

అందరూ బయట టీ తాగుతున్నప్పుడు లోపల చెయ్యి పెట్టాను. చల్లటి ప్లాస్టర్. పొడి గోడలు. చేరగలిగినంత దూరం చేరాను. పిలిచాను. వేళ్లు చాచి చాలాసేపు అలాగే ఉన్నాను. ఏమీ లేదు. లేదు కాబట్టి నిన్నటిది నా బుర్ర చేసిన పని అనుకోవచ్చు. లేదా ఆలస్యమైందనుకోవచ్చు. ఏది అనుకున్నా చేతులు పని చేస్తూనే ఉంటాయని ఆ రోజు తెలిసింది. సిమెంటు కలిపాను. కన్నం నింపాను. తాపీతో అద్దంలా నున్నగా చేశాను. అక్క పక్కన నిలబడి చూసింది.

ఆ సాయంత్రం అయిదింటికి దీపాలు ఆర్పినప్పుడు నేను హాల్లో లేను. షట్టరు బయట మెట్టు మీద కూచుని పది నిమిషాలూ లెక్కపెట్టుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున్నే వెళ్లాను. తాళాలు మేనేజరు దగ్గరే ఉన్నాయి, రాత్రంతా ఎవరూ లోపలికి వెళ్లలేదని ఆయనే అన్నాడు. నేను నింపిన చోటు ఎండి గట్టిపడింది. గోరు దిగడం లేదు.

తడి సిమెంటుని ఎవరైనా బయటినుంచి వేలితో నొక్కితే గుంట పడుతుంది. నేను గుంటల కోసమే వెతికాను. గుంటలు లేవు. నేను అద్దంలా తీర్చిన ఆ చోట నాలుగు బుడిపెలు లేచి ఉన్నాయి. వేళ్ల కొసలంత. వాటి కింద, అదే వరసలో, ఇంకో నాలుగు.

వాటి మీద అరచెయ్యి ఆనించాను. వేడిగా ఉన్నాయి.

ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. వెనకనుంచి అడుగుల చప్పుడు రాలేదు. భుజం మీద అక్క చెయ్యి పడింది. మెత్తగా, ఒక్కసారి నొక్కింది.